నడిస్తేనే బండి

2005 జూలై 1. శుక్రవారం. హైదరాబాద్.

తల ఎత్తాలి. ఇంకా ఎత్తాలి. మెడ వెనక నరం పట్టేసేదాకా ఎత్తితే తప్ప దాని పై కొస కనపడదు. చూస్తే చంటిపిల్లలు తొక్కే మూడు చక్రాల సైకిలే. ముందు ఒక చక్రం, వెనక రెండు, పైన హ్యాండిల్. కానీ ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. నాలుగంతస్తుల మేడ పక్కన నిలబెడితే, డాబా మీద బట్టలు ఆరేసుకునే మనిషికి ఎదురుగా తగులుతుంది. పొడవు 37 అడుగుల 4 అంగుళాలు. చక్రం వ్యాసమే 17 అడుగులు.

నిలబెట్టడం ఒక ఎత్తు. నడపడం ఇంకో ఎత్తు. గిన్నిస్ రికార్డుకి బొమ్మ చాలదు. బండి కదలాలి.

జూలై అంటే గాలి నమ్మకం లేని నెల. అంత ఎత్తున్న ఇనుముకి గాలిని మించిన శత్రువు లేదు. కింద వేపాకు కూడా కదలదు, నలభై అడుగుల పైన మాత్రం గాలి భుజం పెట్టి తోస్తుంది. మూడు చక్రాల బండి నేల మీద గీసేది ఒక త్రిభుజం. ముందుకి పోయేకొద్దీ ఆ త్రిభుజం సన్నబడుతుంది. పైనున్న బరువు ఆ గీత దాటి బయటికి ఒరిగిందా, ఇక ఎన్ని చేతులు పట్టుకున్నా ఆగదు.

చక్రం లెక్క ఇంకా గట్టిది. మామూలు సైకిల్ చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి ఏడడుగులు, కాస్త అటూ ఇటూ సాగుతుంది. ఈ చక్రం ఒక్క చుట్టు తిరిగితే 53 అడుగులు సాగుతుంది. అది కదలడమే కష్టం. కదిలాక ఆపడం అంతకన్నా కష్టం.

దీన్ని తయారుచేసిన మనిషి సుధాకర్ యాదవ్. చోటు పాతబస్తీ, బహదూర్‌పురా. ఈ ఇనుప కొండ వెనక ఆయన ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంది. బడి ఈడులో మొదలైన పిచ్చి ఉంది. ఆ పిచ్చి పుట్టిన చోటుకి వెళ్తే తప్ప ఈ శుక్రవారం అర్థం కాదు.

తూకం మీద దొరికే చదువు

బహదూర్‌పురా నుంచి మూసీ వైపు నడిస్తే పురానాపూల్. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన రాతి వంతెన. అది దాటితే అవతల జుమ్మెరాత్ బజార్. పేరులోనే రోజుంది. గురువారం సంత. పొద్దున్నే గోనెపట్టాలు పరుస్తారు. వాటి మీద పాత గడియారాలు, ఒక్క చెప్పు, తలుపు గడియలు, ఫ్యాన్ రెక్కలు, సైకిల్ చైన్లు, తుప్పుపట్టిన కార్బొరేటర్లు, ఏ బండివో ఎవరికీ తెలియని గేరు పళ్లు. పాత ఇంజన్ ఆయిల్ వాసన, ఇరానీ చాయ్ వాసన, తడిసిన తుప్పు వాసన కలిసి ముక్కుకి తగులుతాయి.

ఇక్కడ బేరం క్లుప్తం.

"ఇంజన్ నడుస్తదా భయ్?"

"నడుస్తదో నడ్వదో ఇంటికి తీస్కపోయి చూస్కో. ధర మాత్రం ఇనుం ధరే."

ఆ ఒక్క మాటలో మొత్తం రహస్యం ఉంది. కొత్తగా కొంటే వేలల్లో పలికే సామాను ఇక్కడ కిలోల్లో దొరుకుతుంది. నడుస్తుందో లేదో కనిపెట్టే కన్ను ఉండాలి. ఆ కన్ను ఎక్కడ దొరుకుతుంది?

మెకానిక్ షెడ్డులో. సుధాకర్ బడి ఈడులోనే తుక్కు సామాన్ల చుట్టూ, షెడ్ల చుట్టూ తిరిగి పని నేర్చుకున్నాడు. పాతబస్తీ షెడ్డులో పలకాబలపం ఉండదు. పన్నెండు నంబర్ పానా అడిగితే పన్నెండు నంబరే అందించాలి. అదే ఓనమాలు. కార్బొరేటర్ విప్పాలి, పెట్రోల్‌లో కడగాలి, విప్పిన వరసని తిరగేసి మళ్లీ బిగించాలి, ఒక్క వాషర్ మిగిలినా మళ్లీ మొదటికి రావాలి, ఉస్తాద్ తిడతాడు, చేతికి మసి, గోళ్లలో గ్రీజు, ఇంటికెళ్తే అమ్మ తిడుతుంది, అయినా మర్నాడు కాళ్లు మళ్లీ అటే లాగుతాయి. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పడం అలా వస్తుంది. పుస్తకంతో రాదు.

పద్నాలుగేళ్ల వయసు. ఆ వయసులోనే తుక్కు ముక్కలతో మోటారుబండి కట్టేశాడు. కిక్ కొడితే మోగింది. రెండు చక్రాల పంతం తీరింది.

దాంతో పిచ్చి కూడా తీరితే కథ అక్కడే ఆగిపోయేది. తీరలేదు. కాలేజీ ఈడుకి వచ్చేసరికి కన్ను నాలుగు చక్రాల మీద పడింది.

నాలుగు చక్రాల పంతం

ఆ తరం కుర్రాడికి కారు అంటే ఏమిటి? అంబాసిడర్. ప్రీమియర్ పద్మిని. 1983 డిసెంబర్ 14న మారుతి 800 మొదటి తాళం చేతులు మారేదాకా దేశంలో కారు కొనే మనిషికి పెద్దగా ఎంపికే లేదు. బజాజ్ చేతక్ స్కూటర్ కోసం ఏళ్లకేళ్లు వరసలో ఉన్న కాలం. ఇక స్పోర్ట్స్ కారు ఎక్కడుంది? సినిమాలో ఉంది. విదేశీ పత్రిక అట్ట మీద ఉంది. రోడ్డు మీద లేదు.

కొనలేనివాడు రెండే పనులు చేయగలడు. ఊరుకోవచ్చు. లేదా కట్టుకోవచ్చు.

ఈ ఆలోచన ప్రపంచంలో చాలామందికి తట్టింది. 1957లో ఇంగ్లండ్‌లో కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ తెచ్చాడు. చిన్న గొట్టాల చట్రం, తేలికైన ఒళ్లు. భాగాలుగా కొనుక్కుని ఇంట్లో బిగించుకుంటే కొనుగోలు పన్ను తప్పేది. 1964లో కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ ఇసుక తిన్నెల మీద పరిగెత్తే బగ్గీ చేశాడు. ఫోక్స్‌వాగన్ బీటిల్ అడుగుభాగాలు, పైన ఫైబర్ తొట్టి. 1996లో రాన్ ఛాంపియన్ ఏకంగా పుస్తకమే రాశాడు. ఒక పాత ఫోర్డ్ ఎస్కార్ట్ కొని, దాని ఇంజనూ ఇరుసూ పీకి, మీ షెడ్డులో మీరు వెల్డింగ్ చేసిన చట్రంలో బిగిస్తే 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు అన్నాడు. వేలమంది కట్టారు.

వాళ్లకి పాత ఎస్కార్ట్‌లు దొరికాయి. ఇక్కడ ఏం దొరుకుతుంది? ఆటో. స్కూటర్. మోపెడ్.

సుధాకర్ కట్టిన మొదటి నాలుగు చక్రాల బండి డ్యూన్ బగ్గీ. మేయర్స్ కాలిఫోర్నియాలో సముద్రం పక్కన కట్టిన జాతి బండి. ఇక్కడ సముద్రం లేదు. ఇసుక తిన్నెలు అసలే లేవు. ఉన్నది గల్లీలు, గుంతలు, రిక్షాల గుంపు. వాటి మధ్య పైకప్పు లేని, తలుపుల్లేని, చక్రాలు బయటికి కనపడే బండిని నిలబెట్టాలంటే ముందు ఒక ప్రశ్న దాటాలి. చట్రం సరిగ్గా నిలుస్తుందా?

రెండు కర్ణాలు

ఇంట్లో కట్టే ఏ కారైనా నేల మీద సుద్దగీతతో మొదలవుతుంది. షెడ్డు గచ్చు మీద పొడవు, వెడల్పు, చక్రాల చోటు గీస్తారు. ఆ గీత మీద ఇనుప గొట్టాలు పేరుస్తారు. గ్రైండర్ కీచుమంటుంది. నిప్పురవ్వలు గోడ మీదికి ఎగురుతాయి. వెల్డింగ్ రాడ్ తగలగానే నీలం మెరుపు. కానీ అప్పుడే పూర్తి అతుకు వేయకూడదు. ముందు చుక్కలు మాత్రమే. ఒక్కో మూల ఒక్కో చుక్క.

తర్వాత టేపు తీయాలి. ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకి కొలవాలి. ముందు కుడి నుంచి వెనక ఎడమకి కొలవాలి. రెండు కర్ణాలూ సమానంగా రావాలి. పావంగుళం తేడా వచ్చినా బండి జీవితాంతం ఒక పక్కకి లాగొచ్చు. వేడికి ఉబ్బిన ఇనుము చల్లారుతూ ముడుచుకుంటుంది కాబట్టి, సరిగ్గా వచ్చిన కొలత కూడా అతుకు పూర్తయ్యేసరికి వంకర పోవచ్చు. అందుకే ఈ మూల కొంచెం, ఆ మూల కొంచెం, మళ్లీ టేపు, మళ్లీ సుత్తి.

చట్రం సరే. ఇప్పుడు గుండె పెట్టాలి. తొందరపడేవాళ్లంతా బోల్తా పడేది ఇక్కడే.

మోటార్‌సైకిల్ ఇంజన్ తేలిగ్గా దొరుకుతుంది. బలంగా ఉంటుంది. బిగిస్తారు. కిక్ కొడితే అందుకుంటుంది. షెడ్డంతా చప్పట్లు. పది నిమిషాలు తిరిగాక వాసన మొదలవుతుంది. కాలిన ఆయిల్ వాసన. తర్వాత ఒక మూలుగు. తర్వాత నిశ్శబ్దం. ఇంజన్ పట్టేసింది.

ఎందుకు? మోటార్‌సైకిల్ ఇంజన్ ఒంటి నిండా రెక్కల్లాంటి పలకలుంటాయి. ఎదురుగాలి వాటి మధ్య దూరి వేడిని లాక్కుపోతుంది. అదే ఇంజన్‌ని తీసుకొచ్చి కారు ఒంట్లో దాచేస్తే గాలి ఆడదు. పిస్టన్ ఉబ్బుతుంది, సిలిండర్‌ని పట్టుకుంటుంది. స్కూటర్ ఇంజన్‌కీ ఆటో ఇంజన్‌కీ ఈ బాధ లేదు. అవి మొదటి నుంచీ రేకు చాటున బతికేవే. క్రాంక్‌షాఫ్ట్‌కే ఒక ఫ్యాన్ తగిలించి ఉంటుంది. ఇంజన్ తిరిగినంతసేపూ అది గాలి విసురుతూనే ఉంటుంది.

ఆటోలో ఇంకో వరం ఉంది. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోతుంది, లోపలి చక్రం తక్కువ దూరం పోతుంది. రెండింటినీ ఒకే ఇరుసుకి కట్టేస్తే ఒకటి తప్పకుండా ఈడుస్తుంది. టైరు అరుగుతుంది. స్టీరింగ్ మొరాయిస్తుంది. ఆ తగాదా తీర్చేదే డిఫరెన్షియల్. ఆటోలో ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ కలిసే వస్తాయి. పైగా రివర్స్ గేరు. స్కూటర్‌కి లేనిది, మోటార్‌సైకిల్‌కి లేనిది, కారుకి తప్పనిసరిగా కావాల్సినది. హైదరాబాద్ సందులో రివర్స్ లేని కారు అంటే దిగి నెట్టుకోవాల్సిందే.

కాబట్టి తుక్కు బజారులో అందరూ పక్కకి నెట్టేసే పాత ఆటో వెనకభాగం, తెలిసినవాడి చేతిలో బంగారం. కానీ దాని బలం చాలా తక్కువ. నూటయాభై సీసీ. అంత చిన్న గుండె కారు బరువు మోస్తుందా?

బరువే తగ్గించాలి. చాప్‌మన్ లోటస్ కార్లకి పట్టిందీ ఆ దారే. బహదూర్‌పురా షెడ్డులో దొరికిన జవాబూ అదే. రేకు బదులు ఫైబర్. గాజు నార పట్టా పరిచి, రెజిన్‌లో హార్డెనర్ కలిపి కుంచెతో పూయాలి. కలిపిన క్షణం నుంచి గడియారం మొదలైనట్టే. కాసేపట్లో డబ్బాలోనే గడ్డ కడుతుంది. కళ్లు మండుతాయి. చేతులు దురద పెడతాయి. బుడగ ఒక్కటి లోపల ఉండిపోయినా అక్కడే పగులుతుంది. రోలర్‌తో నొక్కుతూ, బుడగల్ని తరుముతూ, పరుగు పరుగున పొర మీద పొర వేసుకుంటూ పోవాలి.

ఆరిన ఫైబర్‌ని అచ్చులోంచి ఊడదీస్తే తేలిక. ఏ వంపైనా తిరుగుతుంది. ఏ వంపైనా? ఆ ఒక్క మాట దగ్గర సుధాకర్ దారి మిగతా ప్రపంచం దారి నుంచి విడిపోయింది.

కారు రూపం ఎందుకు?

రాన్ ఛాంపియన్ పుస్తకం చదివిన వేలమంది స్పోర్ట్స్ కారు కట్టారు. ఒకదానికొకటి పోలిక. ఒకే ముక్కు, ఒకే నడుము. కింద చట్రం నీదే, ఇంజన్ నీదే, ఒళ్లు నీ ఫైబర్‌దే అయినప్పుడు కారు కారులా ఎందుకుండాలి?

వంకాయలా ఉంటే?

కట్టాడు. తొడిమతో సహా వంకాయ. కెమెరా కట్టాడు. కంప్యూటర్ కట్టాడు. మంచం కట్టాడు, దాని మీదే కూర్చుని తోలాలి. బర్గర్. లిప్‌స్టిక్. హ్యాండ్‌బ్యాగు. స్నూకర్ బల్ల. క్రికెట్ బంతి, పక్కనే బ్యాటు. కమోడ్. పిల్లల కోసం పెన్ను, పెన్సిల్, షార్పెనర్. ప్రతిదానికీ కింద 50 సీసీ నుంచి 150 సీసీ మధ్య ఇంజన్. ప్రతిదానికీ స్టీరింగ్, బ్రేక్. చాలావాటి వేగం గంటకి 40, 45 కిలోమీటర్లు. రూపం ఏదైనా షరతు ఒకటే. నడవాలి. తాళం తిప్పితే మోగి, గేరు వేస్తే కదిలి, బ్రేకు తొక్కితే ఆగాలి. షో కోసం తాడు కట్టి లాగే బొమ్మకి ఆ షెడ్డులో చోటు లేదు.

ఆ షరతు వినడానికి తేలిక. కట్టడం నరకం.

ఆడవాళ్ల హైహీల్ చెప్పు తీసుకోండి. మహిళా దినోత్సవం కోసం చేసిన కారు అది. చెప్పు అందం దాని వంపులోనే ఉంది. మడమ ఎత్తు, ముందు భాగం పల్లం. నడిపేవాడు ఎక్కడ కూర్చోవాలి? రోడ్డు ఎలా కనపడాలి? ఇంజన్ మడమ కింద పెడితే బరువంతా వెనకే. ముందు చక్రాలు నేలని సరిగ్గా కరవవు. స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది. ముందు పెడితే వేళ్లు ఉండాల్సిన చోటు ఉబ్బిపోతుంది. అది చెప్పులా ఉండదు. అంగుళం అటు జరిపితే నడక పోతుంది, అంగుళం ఇటు జరిపితే రూపం పోతుంది. ప్రతి బండీ ఆ అంగుళం మీద జరిగిన యుద్ధమే.

కొన్ని బండ్లు నవ్వించడానికి పుట్టలేదు. సిగరెట్ రూపంలో ఒకటి. పొగ తాగొద్దని చెప్పడానికి. కండోమ్ రూపంలో ఒకటి. ఎయిడ్స్ గురించి జనం నోరు విప్పడానికి భయపడ్డ రోజుల్లో, ఆ మాటని చక్రాల మీద పెట్టి బజారులోకి తోలడానికి. హెల్మెట్ రూపంలో ఒకటి. ఎందుకో హైదరాబాద్ రోడ్ల మీద బండి నడిపే ఎవరికీ చెప్పక్కర్లేదు.

జనం ఆగి చూశారు. నవ్వారు. వెంటపడ్డారు. ఇంత చిన్న బండ్లతో ఇంత సందడి చేసిన మనిషి ఒక్కసారి లెక్క తిరగేస్తే ఏమవుతుంది? బొమ్మంత వాహనం బదులు, మేడంత బొమ్మ కడితే?

మళ్లీ ఆ శుక్రవారం

చిన్న బండికి పనికొచ్చిన లెక్కలేవీ పెద్ద బండికి పనికిరావు. అసలు చిక్కు అదే.

ఒక వస్తువుని అన్ని వైపులా రెట్టింపు చేస్తే ఎత్తు రెట్టింపవుతుంది. గొట్టం అడ్డుకోత నాలుగు రెట్లవుతుంది. బరువు మాత్రం ఎనిమిది రెట్లవుతుంది. పిల్లల సైకిల్‌ని ఇరవై రెట్లు పెంచితే? దాని ఇనుమే దాన్ని నలిపేస్తుంది. ప్రతి గొట్టం, ప్రతి అతుకు, ప్రతి బేరింగ్ మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి. రెండంతస్తుల ఇంటి పక్కన పెడితే పై అంతస్తు కిటికీని అందుకునే చక్రాన్ని గుండ్రంగా వంచాలి. వంకర ఉంటే తిరగదు. తిరిగితే ఊగుతుంది. కింద రెండంగుళాల ఊపు పైకి వెళ్లేసరికి ఇంకా పెద్దదవుతుంది.

2005 జూలై 1. బేరింగ్ మీద బరువు. హ్యాండిల్ మీద చేతులు. పైన ఆకాశం.

చక్రం కదిలింది.

17 అడుగుల వలయం నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, నేలని వదిలిన చోటు పైకి లేచి, పైనున్న చోటు కిందికి దిగి, దాని వెనక 37 అడుగుల చట్రం మూలుగుతూ ముందుకి జరిగి, నలభై ఒక్క అడుగుల ఎత్తున్న ఆ పిల్లల సైకిల్ హైదరాబాద్ నేల మీద సాగింది. ఒరగలేదు. విరగలేదు. నడిచింది.

ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రైసైకిల్‌గా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. రికార్డు పక్కన సుధాకర్ యాదవ్ పేరు, హైదరాబాద్ పేరు, తేదీ.

రికార్డు వచ్చింది. బండ్లు పెరిగాయి. ఇక కొత్త సమస్య. ఇన్నిటినీ ఎక్కడ పెట్టాలి? అంతకన్నా పెద్దది: ఎక్కడ తోలాలి?

జూ పార్క్ పక్కన

రోడ్డు మీద తోలడం అంత తేలిక కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి బహిరంగ స్థలంలో తిరగకూడదు. రిజిస్ట్రేషన్ కావాలంటే తయారీదారు తన నమూనా బండిని గుర్తింపు పొందిన సంస్థల దగ్గర పరీక్షకి పెట్టి పాస్ చేయించుకోవాలి. బ్రేకులు, లైట్లు, పొగ, చప్పుడు, అన్నీ. లక్షల కార్లు అమ్మే కంపెనీకి అది మామూలు ఖర్చు. ఒకే ఒక్క వంకాయ కట్టేవాడికి అది దాటలేని గోడ. ఇంగ్లండ్‌లో ఇంటి కార్లకి ఒక్కో బండినీ విడిగా పరీక్షించి రోడ్డెక్కించే పద్ధతి ఉంది. అందుకే అక్కడ షెడ్డులో కట్టిన స్పోర్ట్స్ కారు రోడ్డెక్కుతుంది. ఇక్కడ అంత తేలిగ్గా ఎక్కదు.

బండి జనం దగ్గరికి పోలేకపోతే, జనమే బండి దగ్గరికి రావాలి.

2010. బహదూర్‌పురా. 1963 నుంచి ఊరి పిల్లలందరూ ఏదో ఒక సెలవు రోజు తప్పకుండా వచ్చే నెహ్రూ జూలాజికల్ పార్క్‌కి దగ్గరలోనే సుధా కార్స్ మ్యూజియం తలుపులు తెరిచింది. పులిని చూసి బయటికొచ్చిన పిల్లాడు నాలుగడుగులు వేస్తే చక్రాల మీద నిలబడ్డ క్రికెట్ బంతి. ప్రతి బండి పక్కనా ఒక బోర్డు. ఇంజన్ ఎంత, కట్టడానికి ఎంత కాలం పట్టింది, ఎంత వేగం పోతుంది.

పదేళ్లు సాఫీగా గడిచాయి. సెలవుల్లో జనం. పండగల్లో జనం. ఆ తర్వాత ఒక ఆదివారం ఊరు మొత్తం ఆగిపోయింది.

పది రోజులు

2020 మార్చి 22. కరోనా రోజులు. జనతా కర్ఫ్యూ. రెండు రోజుల తర్వాత దేశమంతా తాళం.

చార్మినార్ చుట్టూ ఎప్పుడూ లేని ఖాళీ. గాజుల అంగళ్ల షట్టర్లు దించేసి ఉన్నాయి. మక్కా మసీదులో శుక్రవారం వరసలు లేవు. జూ గేటుకి తాళం. బహదూర్‌పురా రోడ్డు మీద లారీ హారన్ లేదు, ఆటో చప్పుడు లేదు, చాయ్ గ్లాసుల గలగల లేదు. ఏప్రిల్ ఎండ ఖాళీ తారు మీద పడి మండుతోంది. పోలీసులు బారికేడ్ల దగ్గర నిలబడి చేతులెత్తి దండం పెట్టి మరీ చెబుతున్నారు. ఇంట్లో ఉండండి. కొందరు వింటున్నారు. కొందరు వినడం లేదు. కంటికి కనపడని పురుగుకి ఎవడు భయపడతాడు?

కంటికి కనపడితే?

బహదూర్‌పురాలో పని మొదలైంది. బజారుకి పోదామంటే బజారే లేదు. కొత్త బేరింగ్ లేదు, కొత్త టైరు లేదు. గడువు మాత్రం తరుముతోంది. రోగం ఆగదు, అది పాకేలోపే బండి బయటికి రావాలి.

రూపం మోసం చేస్తుంది. టీవీలో అందరూ చూస్తున్న ఆ వైరస్ బొమ్మే: గుండ్రటి బంతి, చుట్టూ ముళ్లు. గుండ్రటి వస్తువు నేలని తాకేది ఒక్క చోటే. దాన్ని చక్రాల మీద నిలబెడితే చక్రాలు బంతి కిందే దాక్కోవాలి, దూరం జరపడానికి లేదు. దగ్గరైతే మలుపులో ఊగుతుంది. నాలుగు చాలవు. ఆరు పెట్టారు. లోపల ఒక్కడే కూర్చునే చోటు. 100 సీసీ ఇంజన్. ఫైబర్ గోళం, దాని నిండా పొడుచుకొచ్చిన కొమ్ములు.

పది రోజుల్లో పూర్తయింది. గంటకి 40 కిలోమీటర్లు పోతుంది.

వాకిలి దాటి బయటికొచ్చింది. ఆరు చక్రాల మీద, మనిషి తలకన్నా ఎన్నో రెట్లు పెద్దగా పెరిగిన వైరస్, ఖాళీ పాతబస్తీలోకి గుడగుడమంటూ దొర్లుకుంటూ వచ్చింది. వార్తా సంస్థల కెమెరాలు దాన్ని పట్టుకున్నాయి. కొద్ది రోజుల్లో ప్రపంచమంతా చూసింది. చెప్పిన మాట ఒక్కటే. గడప దాటొద్దు.

ఆ మాట చెప్పడానికి పోస్టర్ చాలు అనుకోవచ్చు. గోడ మీద వేల పోస్టర్లున్నాయి. జనం వాటిని దాటుకుని పోయారు. నడిచొచ్చే బండిని మాత్రం దాటుకుని పోలేకపోయారు. అది ఎదురుగా వచ్చింది. చప్పుడు చేసింది. తప్పుకోవాల్సి వచ్చింది.

ఇది నడుస్తదా?

తాళాలు తెరుచుకున్నాయి. జూకి మళ్లీ బస్సులు వచ్చాయి. మ్యూజియంలోకి మళ్లీ పిల్లలు పరిగెత్తుకొచ్చారు. ఏ ఊరి పిల్లలైనా, ఏ భాష మాట్లాడే పిల్లలైనా, వంకాయ ముందో బర్గర్ ముందో ఆగి అడిగే మొదటి ప్రశ్న ఒకటే.

"ఇది నిజంగ నడుస్తదా?"

బోర్డు చూస్తారు. సీసీ చూస్తారు. వేగం చూస్తారు. నడుస్తది.

వందమందిలో తొంభైమంది అక్కడితో ఫొటో దిగి వెళ్లిపోతారు. కొందరు వంగుతారు. ఫైబర్ అంచు కిందికి తల దూర్చి చూస్తారు. గొట్టం ఎక్కడ అతికింది, చైన్ ఎటు పోతోంది, ఇంజన్‌కి గాలి ఎటు నుంచి వస్తోంది. అప్పుడు రెండో ప్రశ్న వస్తుంది.

"ఎట్ల చేసిండు?"

ఈ దేశంలో ఏటా ఎన్నో బండ్లు తుక్కుకి పోతున్నాయి. ఒక్కోదానిలో ఇంకా బతికున్న బేరింగ్ ఉంది, తిరిగే గేరు ఉంది, గాలి విసిరే ఫ్యాన్ ఉంది. స్పోర్ట్స్ కారుకి కోట్లు కావాలని షోరూం చెబుతుంది. చట్రానికి రెండు సమానమైన కర్ణాలు, గుండెకి గాలి, ఒంటికి తేలిక, చేతికి ఓర్పు కావాలని బహదూర్‌పురా చెబుతోంది. ఆ మాటకి సాక్షిగా ఒక మ్యూజియం నిండా బండ్లున్నాయి. అన్నీ నడుస్తాయి.

రెండో ప్రశ్న అడిగిన పిల్లలకి దారి దగ్గరే. పురానాపూల్ దాటితే జుమ్మెరాత్ బజార్. గురువారం రావాలి. పొద్దున్నే రావాలి. మంచి ఇంజన్లు ఎండెక్కకముందే అమ్ముడైపోతాయి.